సీటు రానివాళ్ల చరిత్ర

గవర్నమెంటు జూనియర్ కాలేజీల్లో బాటనీ, జువాలజీ చెప్పినవాళ్లలో నాకు తెలిసి సగానికి సగం మంది మెడికల్ సీటు రానివాళ్లే. నేనూ అంతే. ఇందులో సిగ్గుపడాల్సిందీ లేదు, దాచుకోవాల్సిందీ లేదు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పాక ఎవరి సీటు ఎలా పోయిందో చెప్పుకోవడం మా స్టాఫ్ రూంలో ఒక కాలక్షేపం. గుంటూరు జిల్లాలో ఈ ఊరూ ఆ ఊరూ బదిలీల మీద తిరుగుతూ ఆ కథలు విని విని నాకొక సంగతి పట్టుబడింది. సీటు పోయినందుకు మనిషి ఎవర్ని తిడుతున్నాడో వింటే చాలు, ఏ కాలం బ్యాచో చెప్పెయ్యొచ్చు. పీయూసీ చదివిన పెద్దవాళ్లు యూనివర్సిటీని తిట్టేవాళ్లు, పలుకుబడిని తిట్టేవాళ్లు. ఇంటర్ మార్కుల మీద సీట్లిచ్చిన రోజుల వాళ్లు పేపరు దిద్దినవాణ్ని తిట్టేవాళ్లు. ఎంసెట్ వచ్చాక చదివినవాళ్లు ఎవర్నీ తిట్టరు. "నేనే సరిగ్గా చదవలేదండీ" అంటారు.

ఈ మూడో రకం వాళ్ల మాటే నాకు ఎక్కువ గుచ్చుకునేది. మన ఇంటర్ చదువుల గురించి రాసేవాళ్లు కాలేజీలు లెక్కపెడతారు, ర్యాంకులు లెక్కపెడతారు. నాకు మాత్రం ఆ చరిత్రంతా పిల్లల కోపం ఒకరి మీంచి ఇంకొకరి మీదికి మారుతూ వచ్చి, చివరికి వాళ్ల మీదికే తిరగబడినట్టు కనిపిస్తుంది.

మా పెద్దన్నయ్య ఎస్సెస్సెల్సీ పాసై 1963లో పీయూసీలో చేరాడు. అప్పట్లో బడి చదువు పదకొండేళ్లు. ఆ పైన ఒక్క ఏడాది పీయూసీ, తర్వాత మూడేళ్ల డిగ్రీ. పీయూసీ యూనివర్సిటీల చేతిలో ఉండేది. మా గుంటూరు వైపు కాలేజీలకి పరీక్ష పెట్టేది వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. పదకొండేళ్లు తెలుగులో చదివిన పిల్లాడు జూలైలో ఇంగ్లీషులో ఫిజిక్సు వినడం మొదలుపెడితే, లెక్చరర్ చెప్పేది చెవికెక్కేసరికి సంక్రాంతి వచ్చేది. ఆ వెంటనే పరీక్షలు. తప్పేవాళ్లు కొల్లలు. తప్పడం అంత మామూలు కాబట్టే గుంటూరు, తెనాలి లాంటి ఊళ్లలో ట్యుటోరియల్ కాలేజీలు బతికాయి. ఇప్పటి కోచింగ్ వ్యాపారానికి తాతలు అవే. కాకపోతే అవి తప్పినవాళ్లని గట్టెక్కించేవి, ఇవి ఎలాగూ పాసయ్యేవాళ్లని ర్యాంకుల కోసం తోముతాయి.

అన్నయ్యకి ఇంజనీరింగ్ రాలేదు. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద ఇంజనీరింగ్ అంటే హైదరాబాదులో ఉస్మానియా, వాల్తేరు, కాకినాడ, అనంతపురం, తిరుపతి, వరంగల్లో ఆర్ఈసీ. వేళ్ల మీద లెక్క. రానివాడు రానివాళ్లందరిలో ఒకడు. బీఎస్సీలో చేరాడు, సహకార బ్యాంకులో ఉద్యోగం సంపాదించాడు, రిటైరయ్యేదాకా వాల్తేరు వాళ్లని తిట్టాడు. తన తెలివి మీద మాత్రం ఏనాడూ అనుమానపడలేదు.

మెడిసిన్ కథ ఇంకాస్త చిక్కుగా ఉండేది. పీయూసీ దారి ఒకటైతే, మల్టీపర్పస్ హైస్కూళ్లలో పన్నెండేళ్లూ బడిలోనే చదివి హెచ్చెస్సీ పాసయ్యే దారి ఇంకొకటి. రెండు దారుల వాళ్లనీ ఒకే మెడికల్ కాలేజీ గుమ్మం ముందు నిలబెట్టి ఎవరు మెరుగో తేల్చడం ఎలా? ప్రభుత్వం ఇద్దరికీ కలిపి ఒకే ప్రవేశ పరీక్ష పెట్టింది. ఎంసెట్‌తోనే మనకి ఎంట్రన్సులు మొదలయ్యాయనుకుంటారు చాలామంది. కాదు. ఎంసెట్‌కి పదేళ్లకు పైగా ముందే, 1970 ప్రాంతంలోనే, మెడిసిన్‌కి ఎంట్రన్స్ ఉంది. పరీక్ష అయ్యాక చూస్తే హెచ్చెస్సీ పిల్లలకి అనుకున్నన్ని సీట్లు వచ్చేలా లేవు. వాళ్లకి 40 శాతం సీట్లు విడిగా పక్కన పెడుతూ జీవో తెచ్చారు. ఎక్కువ మార్కులు వచ్చిన పీయూసీ పిల్లలు కోర్టుకెక్కారు. ఆ తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో తేలింది. ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టాక, మార్కులు తక్కువొచ్చాయి కదా అని ఒకరికి మళ్లీ వాటా ఇవ్వడానికి వీల్లేదని కోర్టు ఆ 40 శాతాన్ని కొట్టేసింది. అదే తీర్పులో వెనుకబడిన తరగతుల రిజర్వేషన్‌ని మాత్రం నిలబెట్టింది. సీటు రాని పిల్లలు ప్రభుత్వాన్ని కోర్టుకి లాగి గెలిచిన తొలి రోజులవి. ఆ గెలుపులోంచే మన రాష్ట్రంలో ఒక నమ్మకం పుట్టిందని నా అభిప్రాయం: పరీక్ష ఒకటే అయితే న్యాయం జరిగినట్టే అని.

ఈలోగా చదువు చట్రమే మారిపోయింది. 1969–70 నుంచి పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. బడి పదేళ్లకి కుదించారు. ఇంటర్ పుస్తకాలు తెలుగులో తెచ్చేందుకని అంతకు ముందే, 1968లో, తెలుగు అకాడమీ పెట్టారు. 1971లో ఇంటర్‌ని యూనివర్సిటీల చేతుల్లోంచి తీసి ఇంటర్మీడియట్ బోర్డుకి అప్పగించారు. నాంపల్లిలోని దాని ఆఫీసు పేరు విద్యాభవన్. మా అన్నయ్య పడిన ఇంగ్లీషు బాధ నేను పడలేదు. కిరణజన్య సంయోగక్రియని హాయిగా తెలుగులో రాసి పాసయ్యాను. సీటు రాకపోవడంలో మాత్రం అన్నాచెల్లెళ్లం సమానమే.

డిగ్రీలో చేరిన ఏడాదే జై ఆంధ్ర ఉద్యమం. నెలల తరబడి కాలేజీలు మూతపడ్డాయి. తెలంగాణ పిల్లలు 1969లో అలాగే ఏడాది పోగొట్టుకున్నారు. ఆ రెండు ఉద్యమాల తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, వెంకటేశ్వర యూనివర్సిటీల పేరుతో మూడు లోకల్ ఏరియాలు చేసి, 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకని గీత గీశారు. లోకల్ అనిపించుకోవాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ఏరియాలో చదివి ఉండాలి. ఆ నాలుగేళ్ల లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి రావాలి.

నేను లెక్చరర్‌గా చేరిన రోజుల్లోనే, 1978–79 నుంచి, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ఏ ఏడాదివి ఆ ఏడాది పెట్టడం మొదలైంది. అప్పటిదాకా రెండేళ్ల చదువుకీ చివర్లో ఒకటే పరీక్ష. పిల్లలకి కాస్త బరువు తగ్గిందన్నారు కానీ, మొదటి ఏడాది ఊపిరి తీసుకునే వీలు పోయింది. పదో తరగతి అయిపోయిందిలే అని కాసిని నెలలు ఊరిమీద తిరిగే హక్కు మా బ్యాచి పిల్లలకి ఉండేది. ఆ హక్కు పోయిందని ఎవరూ ధర్నా చేయలేదు పాపం.

ఇంజనీరింగ్ సీటు ఇంటర్ మార్కుల మీదే ఇచ్చే ఆ రోజుల్లో స్పాట్ వాల్యుయేషన్ క్యాంపంటే మాకు ఒక పక్క సంపాదన, ఒక పక్క గండం. ఎర్రటి ఎండల్లో జిల్లా కేంద్రంలో ఏదో కాలేజీ గదుల్లో బల్లలేసి కూర్చోబెట్టేవాళ్లు. నంబర్లు తీసేసి కోడ్‌లు వేసిన పేపర్ల కట్టలు వచ్చేవి. పొద్దున కొన్ని, మధ్యాహ్నం కొన్ని. పక్కనే చీఫ్ ఎగ్జామినరు, ఆయన వెనకాల స్క్రూటినీ వాళ్లు. కోడ్ ఉన్నా కట్ట ఏ ఊరికి వెళ్లిందో కనుక్కునే ఘనులుండేవాళ్లు. ఎవరో బంధువుని వెంటేసుకుని లెక్చరర్ల ఇళ్లకి వచ్చేవాళ్లు. పేపరుకింత అని కూలి లెక్కన దిద్దుతున్నప్పుడు ముప్ఫయ్యో పేపరు మీద ఉండే శ్రద్ధ మొదటి పేపరు మీదున్నంత ఉండదు. ఆ మాట అందరికీ తెలుసు. అందుకే మార్కు తగ్గినవాడు దిద్దినవాణ్ని అన్నా నాకు కోపం వచ్చేది కాదు. ఆ తిట్టులో కొంత నిజం ఉండేది.

డబ్బున్నవాళ్లకి ఈ గొడవే లేదు. కర్ణాటక రైలెక్కేవాళ్లు. డొనేషన్ కట్టి అక్కడ ఇంజనీరింగో మెడిసినో చదువుకుని వచ్చేవాళ్లు. మన దగ్గరా 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీతో ప్రైవేటు ఇంజనీరింగ్ మొదలైంది, 1979లో హైదరాబాదులో చైతన్య భారతి వచ్చింది. సీటు మార్కులతో వస్తుందా, సొమ్ముతో వస్తుందా అన్న ప్రశ్న ఊళ్లలో గట్టిగానే వినపడేది. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రి అయిన 1983లోనే క్యాపిటేషన్ ఫీజుల నిషేధ చట్టం వచ్చింది. అడ్మిషన్లు ర్యాంకుని బట్టి ఇవ్వాలన్న దారి ఆ చట్టంతోనే పడింది. ఎంసెట్ ఆ దారిలోనే వచ్చింది. 1986 నుంచి పరీక్ష నిర్వహణ జేఎన్‌టీయూది.

ఎంసెట్‌ని ఇప్పుడు అందరూ తిడతారు గనక ఒక మాట ఒప్పుకోవాలి. వచ్చినప్పుడు అది పండగే. నా క్లాసులో కౌలు రైతు కొడుకు ఒకడికి మంచి ర్యాంకొచ్చి మెడిసిన్‌లో చేరాడు. వాళ్ల నాన్న ఒక్క లెక్చరర్ ఇంటికి కూడా వెళ్లలేదు. ఎవర్నీ బతిమాలలేదు. ర్యాంకుకి పైరవీ లేదు, కులం కూటమి లేదు, కట్ట ఏ ఊరెళ్లిందో కనుక్కునే పని లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉండేది. ఆ కుర్రాడు ఇప్పుడు ఒంగోలు వైపు పేరున్న సర్జను. వాడి బ్యాచిలో సీటు రానివాళ్లు కూడా మొదటి రెండు మూడేళ్లు పెద్దగా నొచ్చుకోలేదు. అందరికీ కొత్తే కదా.

తర్వాత ఏం జరిగిందో నా ల్యాబులో చూశాను. ఉల్లి వేరు కొనలో కణ విభజన చూపించడం నాకు ఇష్టమైన ప్రాక్టికల్. కొన్ని రోజుల ముందే ఉల్లిపాయలు నీళ్ల మీద పెట్టి, వేళ్లు దిగాక కోసి, రంగు పట్టించి, సన్నగా నొక్కి మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఓపిక ఉంటే క్రోమోజోములు విడిపోతూ కనపడతాయి. "ఇది ఎంసెట్‌లో వస్తుందా మేడం?" అని వెనక బెంచీలోంచి అడిగేవాళ్లు. బొమ్మ చూసి దశ పేరు చెప్పమని వస్తుంది, దశని కళ్లారా చూశావా అని ఎవరూ అడగరు. ఇంకొన్నేళ్లకి హెర్బేరియం షీట్లు బజార్లో కొనుక్కొచ్చి ఇచ్చేవాళ్లు. ఒకే చెట్టు కొమ్మ క్లాసు మొత్తానికి! నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఎవరిమీద? మూడు గంటల్లో 160 బిట్లు. లెక్క చూసుకుంటే బిట్టుకి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. అంత పరుగు పెట్టాల్సినవాడు ఉల్లిపాయ దగ్గర కూర్చుంటాడా?

కోచింగ్ పెట్టినవాళ్లు ఆకాశంలోంచి ఊడిపడలేదు. నెల్లూరులో 1979లో లెక్కల ట్యూషన్‌గా మొదలైంది నారాయణ. విజయవాడలో 1986లో ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలైంది శ్రీచైతన్య. గుంటూరులో విజ్ఞాన్ రత్తయ్య గారు. హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్య గారు ఐఐటీ లెక్కలు చెబుతుంటే, ఆయన పెట్టే ఎంట్రన్స్ గట్టెక్కడానికి ఊళ్లలో విడిగా కోచింగులు వెలిశాయి. ఎంట్రన్స్‌కి ఎంట్రన్స్! సాయుధ పోరాటంలో పాల్గొన్న మనిషి, బక్కపలచని లెక్కల మాస్టారు, పేద పిల్లలు ఐఐటీకి వెళ్లాలని తపించినాయన. ఆయన ఇంటి ముందు తెల్లవారుజామున లైను కట్టిన తండ్రుల్లో ఎంతమందికి ఐఐటీ ఏ ఊళ్లో ఉందో తెలుసో నాకు అనుమానమే.

ఇక్కడ అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. పిల్లల్ని ఒకచోట ఉంచి, గంట కొట్టి లేపి, గంట కొట్టి చదివించి ర్యాంకులు తెప్పించే పద్ధతి ప్రైవేటు వాళ్ల సొంత బుర్రలోంచి పుట్టింది కాదు. పీవీ నరసింహారావు గారి హయాంలో 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకులం పెట్టారు. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి. పల్లెటూరి పిల్లలు ఆ ప్రభుత్వ బడుల్లో చదివి రాష్ట్రంలో ముందు వరసలో నిలిచారు. విజయవాడ హాస్టళ్లు వాటి గంటని తెచ్చుకున్నాయి, ఆటస్థలాన్ని అక్కడే వదిలేశాయి.

తొంభైల్లో మా కాలేజీ క్లాసుల్లో ముందు బెంచీలు ఖాళీ అవడం మొదలైంది. పదిలో మంచి మార్కులొచ్చిన ప్రతివాణ్నీ బెజవాడ బస్సెక్కించేవాళ్లు. అపార్టుమెంటుకి బోర్డు కడితే అది కాలేజీ, పై అంతస్తు హాస్టల్. వారం వారం టెస్టు, టెస్టులో మార్కుల్ని బట్టి సెక్షను. పై సెక్షన్‌లో ఉన్నవాడికి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్ వాడి ఫీజుతో వాళ్ల జీతాలు. ఆదివారం సాయంత్రం ఆ గేట్ల ముందు ఆవకాయ సీసాలు, పులిహోర డబ్బాలు పట్టుకుని నిలబడ్డ తల్లుల్ని చూశాను. మా మేనకోడల్ని చూడటానికి వెళ్లి నేనూ నిలబడ్డాను. ఆ పిల్ల మొదటి మాట "అత్తా, నన్ను కింది సెక్షన్‌లో వేశారు". సెక్షన్ మార్చినవాణ్ని ఏమీ అనలేదు. తనకి బుర్ర లేదంది. పదో తరగతిలో వాళ్ల ఊరి మొత్తానికి మొదటిది అది.

పిల్లలు ప్రాణాలు తీసుకుంటుంటే 2001లో నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ. రెండు కమిటీల మధ్య పదహారేళ్లు. ఇంతకంటే ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

సీట్లు పెరిగితే బాధ తగ్గుతుందని అనుకున్న కాలమూ ఒకటి వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు తీర్పుతో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అని సగం సగం పంచారు. 2002లో సుప్రీంకోర్టే ఆ పద్ధతి తీసేసింది. తర్వాత ఊరి పొలిమేరకో ఇంజనీరింగ్ కాలేజీ. 2008 ప్రాంతంలో రాజశేఖర రెడ్డి గారి ఫీజు రీయింబర్స్‌మెంట్. కొన్నాళ్లకి ఉమ్మడి రాష్ట్రంలో ఆ కాలేజీలు ఏడు వందల దాకా చేరాయి. లక్ష దాటిన ర్యాంకుకీ సీటు దొరికింది. కానీ తగవు కాలేజీ నుంచి బ్రాంచికి మారింది, అంతే. సివిల్ వచ్చినవాడు సీటు రానివాడిలాగే ఏడ్చాడు.

వైద్యం మాత్రం అలా లొంగలేదు. 2016లో తెలంగాణ పిల్లలు జూలైలో మెడికల్ ఎంసెట్ రాశారు. పేపరు లీకైందని అది రద్దు చేశారు. సెప్టెంబరులో మళ్లీ రాయించారు. ఈ మధ్యలో నీట్ ఒకటి. మరుసటి ఏడాది నుంచి మెడిసిన్ పూర్తిగా నీట్‌కి వెళ్లిపోయింది. ఎంసెట్ పేరులో ఎం అక్షరం ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో పోయింది. అప్పటికి నేను రిటైరై చాలా కాలమైంది.

రిటైరయ్యాక కూడా నాకు నిద్ర పట్టనివ్వని ఏడాది 2019. తెలంగాణ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్లో వచ్చాయి. పరీక్ష రాసినవాళ్లకి గైర్హాజరు అని పడింది, మొదటి ఏడాది జిల్లా ఫస్టు వచ్చిన పిల్లలు రెండో ఏడాది తప్పారు. ఒకమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99. దిద్దిన పేపర్లో మార్కులు సరిగ్గానే ఉన్నాయి, ఓఎంఆర్ షీటులో గుండ్రాలు నింపేటప్పుడు తప్పు పడింది. ప్రభుత్వం ముగ్గురితో కమిటీ వేసింది, తప్పినవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ చూడమంది. ఈలోపే ఇరవై మంది దాకా పిల్లలు చనిపోయారు. క్యాంపుల్లో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని కాబట్టి ఆ గుండ్రాలు నాకు బాగా తెలుసు. సాయంత్రం నాలుగింటికి కళ్లు లాగుతుంటే పెన్ను ఒక గడి పక్కకి వెళ్లడం ఎంత తేలికో తెలుసు. మా అన్నయ్య తరం వాడికి తెలుగులో సున్నా వస్తే ఊరంతా నవ్వేవాడు, "వీళ్లకి మతి పోయింది" అని పోస్టు కార్డు రాసేవాడు. ఈ పిల్లల్లో కొందరు కంప్యూటర్ తెర మీద కనపడ్డదే నిజమనుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా మనం వాళ్లకి నేర్పింది అదే. ర్యాంకు అబద్ధం చెప్పదని.

చివరగా ఆ నాలుగేళ్ల సంగతి. మా అన్నయ్య కొడుకు కుటుంబం హైదరాబాదులో ఉంటుంది. వాళ్ల అమ్మాయి పుట్టిందీ పదో తరగతి చదివిందీ అక్కడే. ఇంటర్‌కి మాత్రం అలవాటుగా బెజవాడ హాస్టల్లో వేశారు. 2024లో ఆమె ఇంటర్ అయ్యింది. అదే ఏడాది జూన్ 2తో విభజన చట్టం ప్రకారం పదేళ్ల ఉమ్మడి అడ్మిషన్ల గడువు తీరింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం మెడికల్ సీట్లకి జీవో 33 తెచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరసగా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివినవాళ్లే లోకల్. అంతకు ముందు ఆరో తరగతి నుంచి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూసేవాళ్లు. ఆ వెసులుబాటు పోయింది. కోర్టుకెళ్లిన పిల్లలకి ఆ ఒక్క ఏడాదికి ఊరట దొరికింది. మా పిల్ల కోర్టుకి వెళ్లలేదు, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి వెళ్లింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నాలుగేళ్ల నిబంధన సరైనదేనంది. పుట్టి పెరిగిన హైదరాబాదులో నాన్‌లోకల్, రెండేళ్లు హాస్టల్లో ఉన్న బెజవాడలోనూ నాన్‌లోకల్.

స్టడీ సర్టిఫికెట్లన్నీ మంచం మీద పరిచి నన్ను వీడియో కాల్‌లో పిలిచింది. "అమ్మమ్మా, నాకు వచ్చిన మార్కులకి ఇక్కడ లోకల్ అయితే సీటు వచ్చేది. అంటే నేను చదివినట్టా, చదవనట్టా?" చదివినట్టేనన్నాను. నమ్మిందో లేదో గానీ, వాళ్ల నాన్నని మాత్రం గట్టిగా తిట్టింది, బెజవాడ ఎందుకు పంపావని. అది విని నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు అగ్రికల్చర్ బీఎస్సీకి ప్రయత్నిస్తోంది. తమ్ముడు ఎనిమిదో తరగతి. వాణ్ని వచ్చే ఏడాది ఏ బళ్లో వేయాలా అని వాళ్ల నాన్న ఇంకా తేల్చుకోలేదు కానీ, జీవో 33 కాపీ ఫోన్లో పెట్టుకుని కనపడ్డ ప్రతి ప్రిన్సిపాల్‌కీ చూపిస్తున్నాడు.